గీత గీయరు, జరిమానా రాస్తారు

కోనసీమలో ఫ్లెక్సీ కట్టడానికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. రెండు సరుగుడు బాదులు, కాస్త బైండింగు వైరు, స్తంభం ఎక్కగల కుర్రాడు ఒకడు చాలు. పుట్టినరోజు, పదవి, సినిమా విడుదల, సంవత్సరీకం... సందర్భం ఏదైనా తెల్లారేసరికి సెంటర్లో నిలువెత్తు ముఖాలు నమస్కారం పెడుతుంటాయి. ఆ ఫ్లెక్సీ ఎవరి చోటులో నిలబడిందో చెప్పమంటే మాత్రం తల పండిన ఉద్యోగి కూడా కాసేపు ఆలోచించాలి. కాలువ గట్టు జలవనరుల శాఖది. గట్టు మీది తారు రోడ్డు ఆర్‌ అండ్‌ బీదో, పంచాయతీరాజ్‌దో. వైరు చుట్టిన స్తంభం ఈపీడీసీఎల్‌ది. పక్కన పారే మురుగు డ్రెయిను పంచాయతీది. అదే ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు మీదుగా వెళ్లే 216వ నంబరు జాతీయ రహదారి పక్కనైతే ఢిల్లీ దాకా లెక్క వెళ్తుంది. ఇంతమంది హక్కుదారులున్న జాగాలో అడిగేవాడు ఒక్కడూ కనిపించడు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ప్రతి కార్యాలయమూ పక్క కార్యాలయం వైపు చూపిస్తుంది.

అలాగని చట్టాలు లేవా అంటే కావలసినన్ని ఉన్నాయి. కమిషనర్‌ రాతపూర్వక అనుమతి లేకుండా పట్టణంలో ప్రకటన పెట్టకూడదని 1965 నాటి పురపాలక చట్టం చెబుతోంది. బహిరంగ స్థలాలను పోస్టర్లతో, రాతలతో పాడుచేయకుండా 1997లో రాష్ట్రం ప్రత్యేకంగా మరో చట్టం చేసింది. జాతీయ రహదారి భూమిని అనుమతి లేకుండా వాడుకుంటే ఖాళీ చేయించడానికి 2002 నాటి కేంద్ర చట్టం ఉంది. జీఎస్టీ కోసం 2016లో రాజ్యాంగాన్ని సవరించినప్పుడు ప్రకటనలపై రాష్ట్రాలు పన్ను వేసే పద్దును ఎత్తేశారు. అప్పటినుంచి ‘ట్యాక్సే లేదు, ఇంక పర్మిషన్‌ దేనికి’ అనే మాట వ్యాపారుల నోట వినిపిస్తుంటుంది. అది పొరపాటు. పోయింది పన్ను మాత్రమే, అనుమతి అవసరం ఎక్కడికీ పోలేదు.

ఈ చట్టాలను అమలు చేయడం మన యంత్రాంగానికి చేతకాదనుకుంటే అదీ నిజం కాదు. అయిదేళ్లకోసారి అది చేసి చూపిస్తుంది. 2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. కోడ్‌ అమల్లోకి వచ్చిన 24 గంటల్లో ప్రభుత్వ కార్యాలయాల ఆవరణల్లో, 48 గంటల్లో బస్టాండ్లు, స్తంభాలు, వంతెనల వంటి బహిరంగ చోట్ల, 72 గంటల్లో ప్రైవేటు ఆస్తుల మీద అనుమతి లేకుండా ఉన్న రాజకీయ ప్రచారమంతా తీసేయాలన్నది ఎన్నికల సంఘం నియమం. నిచ్చెనలు వచ్చాయి, ట్రాక్టర్లు వచ్చాయి. విగ్రహాలకు ముసుగులు కూడా పడ్డాయి. ఫలితాలు వచ్చిన మర్నాడు గెలిచినవారి ఫ్లెక్సీలు అదే స్తంభాలకు ఎక్కాయి. మూడు రోజుల్లో పని ముగించగలిగిన సిబ్బంది మిగతా అయిదేళ్లూ ఎందుకు చేయలేరో అందరికీ తెలుసు. కోడ్‌ ఉన్నన్నాళ్లూ వారి మీద ఫోన్లు పనిచేయవు.

ప్లాస్టిక్‌ ఫ్లెక్సీల నిషేధం కథ కూడా గుర్తుండే ఉంటుంది. 2022 ఆగస్టు 26న విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ప్రకటించారు. నవంబరు 1 నుంచి అమలన్నారు. ప్రింటింగు యూనిట్లు పెట్టుకున్నవారు అప్పులు చూపించి మొరపెట్టుకుంటే 2023 జనవరి 26కు వాయిదా వేశారు. ఈరోజు ఏ ఊరి సెంటర్లో నిలబడి తలెత్తినా ఆ నిషేధం ఏమైందో కనిపిస్తుంది. నిషేధించడం పెద్ద వార్త అవుతుంది. అనుమతి నంబరు, గడువు తేదీ ఫ్లెక్సీ అడుగున అచ్చు వేయకపోతే ప్రింటు తీయవద్దని ప్రెస్సులకు చెప్పడం చిన్న పని. ఆ చిన్న పని గట్టిగా చేసి ఉంటే నిషేధం దాకా వెళ్లాల్సిన అవసరమే వచ్చేది కాదేమో.

అందచందాల గొడవే అయితే సర్దుకుపోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌ ఓటు వేసిన 2024 మే 13నే ముంబయి ఘాట్కోపర్‌లో గాలివానకు ఒక హోర్డింగు పెట్రోలు బంకు మీద కూలింది. 17 మంది చనిపోయారు. అక్కడ అనుమతించే గరిష్ఠ కొలత 40 అడుగులకు 40. కూలినది 120కి 120. అది నిలబడిన భూమి రైల్వే పోలీసులది కాబట్టి నగరపాలక సంస్థ అనుమతి అక్కర్లేదన్న వాదన మీద అది అన్నాళ్లు నిలబడింది. జాగా ఎవరిదన్న ఈ పేచీ కోనసీమ కాలువ గట్ల మీద రోజూ నడుస్తున్నదే. పైగా ఇది 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసిన సీమ. నిలువెత్తు కొబ్బరిచెట్లు లక్షల్లో నేలకూలిన చోట నాలుగు ఇనుప కాళ్ల మీద పెద్ద బోర్డు నిలబెట్టేవారిని ఇంజనీరు ధ్రువపత్రం అడగడం వేధింపేమీ కాదు.

ఇక బండి నిలిపే సంగతి.

మోటారు వాహనాల డ్రైవింగు నిబంధనలను కేంద్రం 2017లో కొత్తగా రాసింది. కూడలి అంచు నుంచి 50 మీటర్ల లోపు బండి నిలపకూడదు. బస్టాపుకు, బడికి, ఆసుపత్రి వాకిలికి అటూ ఇటూ 50 మీటర్లు వదలాలి. ఫుట్‌పాత్‌ మీద ఆపకూడదు. ఆగి ఉన్న బండి పక్కన మరో బండి పెట్టకూడదు. ఇప్పుడు అమలాపురం గడియార స్తంభం సెంటర్లో నిలబడి నాలుగు వైపులా 50 మీటర్లు కొలిచి చూడండి. బట్టల దుకాణం, మందుల షాపు, టిఫిన్‌ హోటల్‌, బంగారం కొట్టు అన్నీ ఆ కొలతలోనే వస్తాయి. వాటి ముందు వరసగా బైకులు స్టాండు వేసి ఉంటాయి. ఆ వరస ముందు ఇంకో వరస, దాని ముందు సరుకు దించుతున్న ఆటో. మిగిలిన సందులోంచి ఆర్టీసీ బస్సు డ్రైవరు అద్దం మడుచుకుని మరీ బండి తిప్పుతాడు. అక్షరాలా చట్టం అమలు చేస్తే ఆ సెంటర్లో ఒక్క బైకుకూ చోటు ఉండదు. చేయకపోతే ఇప్పుడున్న స్థితి ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య ఒక మార్గం చట్టంలోనే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 117వ సెక్షను ప్రకారం బండ్లు ఎక్కడ నిలపాలో స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థకు ఉంది. ఆ చోట్లు ముందు తేల్చి, తెల్లగీత గీసి, బోర్డు పెట్టి, ఆ తర్వాత గీత దాటిన బండికి చలానా రాయాలి. మన దగ్గర క్రమం తలకిందులు. గీత ఉండదు, బోర్డు ఉండదు. కానిస్టేబులు సెల్‌ఫోనులో ఫొటో మాత్రం పడుతుంది. మెసేజీ ఇంటికి వెళ్లాక వస్తుంది. ఆ బండివాడికి తాను ఏ నియమం తప్పాడో ఆ మెసేజీ చూసినా అర్థం కాదు.

2011 జనగణన నాటికి అమలాపురం పట్టణ జనాభా సుమారు 53 వేలు. 2022 ఏప్రిల్‌ 4న అది జిల్లా కేంద్రమైంది. కలెక్టరేటు, ఎస్పీ కార్యాలయం, వాటి వెనక వచ్చే కార్లు, కాగితాలు పట్టుకుని రావులపాలెం నుంచీ రాజోలు నుంచీ వచ్చే జనం, అన్నీ ఎర్రవంతెన, నల్లవంతెన, ముమ్మిడివరం గేటు మధ్య ఉన్న ఆ పాత రోడ్ల మీదకే వచ్చాయి. ఊరి మధ్య కాలువ ఉన్నచోట రోడ్డు వెడల్పు చేయడం మాటలు కాదు. అందుకే ఉన్న రోడ్డును లెక్కగా వాడుకోవడం ఇక్కడ మిగతా ఊళ్లకన్నా ఎక్కువ అవసరం.

వాడపల్లి చూస్తే ఈ విషయం ఇంకా బాగా తెలుస్తుంది. ఆత్రేయపురం మండలంలో గౌతమి ఒడ్డున ఉన్న ఆ వెంకన్న గుడికి ఏడు శనివారాల మొక్కు పేరు వచ్చాక జనం విపరీతంగా పెరిగారు. వారంలో ఆరు రోజులు పల్లెటూరు. ఏడో రోజు కార్లు, బస్సులు, టెంపోలతో పెద్ద తిరునాళ్ల. దారి కాలువ గట్ల మీది సన్నటి రోడ్డు. ఒక కారు పక్కకు దిగబడితే వెనక ఉన్నవన్నీ ఆగిపోతాయి. అయినా శనివారం శనివారం అక్కడ పోలీసులు, దేవస్థానం వారు దారులు మళ్లించి, ఖాళీ పొలాల్లో, తోటల్లో బండ్లు పెట్టించి ఎలాగో నెట్టుకొస్తున్నారు. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, అంతర్వేది కల్యాణానికీ అంతే. అంటే పార్కింగు ఏర్పాటు మనవాళ్లకు తెలియని విద్య కాదు. దేవుడి పేరున చేస్తారు, సంత రోజున చేయరు.

చోటు లేదన్న మాటలో సగమే నిజం. చోటు ప్లానులో ఉంటుంది, నేల మీద ఉండదు. 2017 మార్చి 28న వచ్చిన 119వ నంబరు జీవో, అంటే ఇప్పుడు అమల్లో ఉన్న ఆంధ్రప్రదేశ్‌ భవన నిర్మాణ నియమాలు, వాణిజ్య భవనానికి, కల్యాణ మండపానికి, ఆసుపత్రికి కట్టిన విస్తీర్ణంలో ఇంత వంతు పార్కింగుకు వదలాలని పట్టిక ఇచ్చాయి. సెల్లారుగానో, స్టిల్టుగానో అది ప్లాను కాగితం మీద కనిపిస్తుంది. భవనం లేచి రంగులు పడ్డాక ఆ సెల్లారుకు షట్టరు బిగుస్తుంది. లోపల గోడౌనో, ల్యాబో, మరో దుకాణమో వెలుస్తుంది. వచ్చినవారి బండ్లు రోడ్డెక్కుతాయి. ఆ బండ్ల మీద చలానాలు పడతాయి. షట్టరు వేసిన యజమాని మీద ఏమీ పడదు. ఈ ఒక్క అన్యాయాన్ని సరిచేసినా వీధిలో సగం రద్దీ తీరుతుంది. పెద్ద ఖర్చేమీ కాదు. ఆమోదం పొందిన ప్లానులో పార్కింగు ఎక్కడ, ఎంత అన్నది ఒక బోర్డు మీద రాసి ప్రతి వాణిజ్య భవనం గుమ్మం దగ్గర పెట్టించాలి. ఆ బోర్డు చదివిన మొదటి వినియోగదారుడే తనిఖీ అధికారి అవుతాడు.

జపానులో 1962 నుంచి ఒక చట్టం ఉంది. బండి నిలుపుకోవడానికి చోటు చూపిస్తే తప్ప కారు రిజిస్టరు కాదు. ఆ చోటు ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు ఉండాలి, పోలీసులు ధ్రువపత్రం ఇవ్వాలి. మన సన్నసందుల్లో కొత్త కారుకు గుమ్మడికాయ దిష్టి తీసి, ఎదురింటివారి గేటు ముందు పెట్టుకునే అలవాటుకు ఆ చట్టం వింతగా తోస్తుంది. దాన్ని ఇక్కడికి తెమ్మని కాదు. కారు కొన్నవాడికి వీధిలో చోటు దానంతట అదే హక్కుగా రాదన్న సంగతి మన చర్చల్లో ఎక్కడా వినపడకపోవడమే ఆశ్చర్యం.

ఫ్లెక్సీ, బైకు కంటికి కనిపించే గొడవలు. వాటికి మూలం మాత్రం ఏ స్థలంలో ఏం కట్టాలన్న దగ్గరే ఉంది. జోనింగు అనేది కొత్తగా వచ్చిపడిన నగరాల వ్యవహారం కాదు. అమెరికా సుప్రీంకోర్టు జోనింగు రాజ్యాంగబద్ధమేనని యూక్లిడ్‌ కేసులో తేల్చింది 1926లో. దానికి ఆరేళ్ల ముందే, 1920లో, మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణ ప్రణాళికా చట్టం చేసింది. కోనసీమ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనే ఉంది. వందేళ్లు దాటినా, తన స్థలం మాస్టర్‌ ప్లానులో ఏ రంగు కింద ఉందో తెలిసిన ఇంటి యజమాని ఎంతమంది? పసుపు నివాసానికి, నీలం వాణిజ్యానికి, ఊదా పరిశ్రమకు, ఎరుపు ప్రభుత్వ, ప్రజావసరాలకు, ఆకుపచ్చ పార్కులకూ పొలాలకూ. ఇంత సులువైన పటం. రిజిస్ట్రేషను రోజున డాక్యుమెంటు రైటరు హద్దులు నాలుగూ చదువుతాడు కానీ రంగు ఎవరూ అడగరు.

అడగకపోతే ఏమవుతుందో మీరట్‌ శాస్త్రినగర్‌ వారికి తెలిసింది. ఇల్లు కట్టుకోవడానికి ఇచ్చిన స్థలంలో దుకాణాలు కట్టారు. దశాబ్దాలు గడిచాయి, నోటీసులు వచ్చాయి, వ్యాపారాలు సాగాయి. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఆ కట్టడాలు కూల్చాల్సిందేనంది. ఎన్నాళ్లుగా ఉన్నా, అధికారులు చూసీచూడనట్టు ఊరుకున్నా అక్రమం సక్రమం కాదని చెప్పింది. నిర్మాణం పూర్తయినట్టు ధ్రువపత్రం లేనిదే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వవద్దని, బ్యాంకులు అది చూశాకే రుణాలు ఇవ్వాలని, అక్రమ భవనంలో వ్యాపార లైసెన్సు ఇవ్వరాదని దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. నివాస వీధిలో ఇల్లు అద్దెకు తీసుకుని నర్సింగుహోమో, కోచింగు సెంటరో పెట్టాలనుకునేవారు ఆ తీర్పు చదువుకోవాలి.

మన రాష్ట్రం చేస్తున్నది వేరు. అక్రమ కట్టడాలను అపరాధ రుసుముతో క్రమబద్ధీకరించే బీపీఎస్‌ 2007 చివరి రోజున వచ్చింది. ఇదే ఆఖరు అన్నారు. 2015లో మళ్లీ వచ్చింది. 2019లో మళ్లీ. 2025లో మళ్లీ. లేఅవుట్ల క్రమబద్ధీకరణ కూడా అలాగే విడతలు విడతలుగా నడుస్తోంది. అనుమతి తీసుకుని, సెట్‌బ్యాకులు వదిలి, పార్కింగుకు చోటు ఖాళీగా ఉంచినవాడు ప్రతిసారీ పక్కింటివాడిని చూసి తాను వెర్రివాడినయ్యానా అనుకుంటాడు. ఇందులో పేదవాడు అరవై గజాల్లో కట్టుకున్న ఇంటికి మినహాయింపు ఇవ్వడం అర్థం చేసుకోదగినదే. సెల్లారు మింగేసిన అయిదంతస్తుల భవనానికీ అదే తలుపు తెరవడం మాత్రం ఖజానాకు ఆదాయం కోసం వీధిని అమ్మేయడమే.

కోనసీమలో జోనింగు ఒక్కోసారి ప్రాణాల లెక్క కూడా. 2014 జూన్‌ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్‌ గ్యాసు పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొట్లు, కొబ్బరిచెట్లు మాడిపోయాయి. పైపులైను వెళ్లే పట్టీ మీద ఏ కట్టడమూ ఉండరాదని 1962 నాటి కేంద్ర చట్టం అంటుంది. గొట్టం ఊరి పక్కనుంచి వెళ్తుంటే ఆ పట్టీ ఎక్కడుందో, దానికి ఎంత దూరంలో పొయ్యి వెలిగించవచ్చో ఊరివారికి తెలియాలి కదా. ఆ ప్రమాదంలో మొదటి దోషం పాడైన గొట్టానిది, దాన్ని చూసుకోవాల్సినవారిది. అది మరిచిపోకూడదు. కానీ భూమి కింద ఏముందో చూపే పటం గ్రామ సచివాలయం గోడ మీద లేకపోవడం ఇప్పటికీ ఒక లోటే. తీరం వైపు కోస్తా నియంత్రణ మండలం హద్దులూ అంతే. ఓడలరేవు, అంతర్వేది వైపు స్థలం కొన్నవారికి ఆ గీత సంగతి సాధారణంగా రిసార్టు ప్లాను తిరిగొచ్చాకే తెలుస్తుంది.

రాజోలు, కొత్తపేటల పరిస్థితి ఇంకో రకం. కొత్తపేట రెవెన్యూ డివిజను కేంద్రం, రాజోలు నియోజకవర్గ కేంద్రం. చూడటానికి పట్టణాలు, కాగితం మీద పంచాయతీలు. అక్కడ టౌన్‌ ప్లానింగు అధికారి ఉండడు. పన్నులు, పారిశుధ్యం, వీధిదీపాలు చూసుకునే పంచాయతీ కార్యదర్శే మూడంతస్తుల షాపింగు కాంప్లెక్సు పార్కింగు లెక్క కూడా చూడాలి. పంచాయతీల కోసం 2002లో చేసిన లేఅవుటు, భవన నియమాలు ఒక పక్క, 2017 నియమాలు మరో పక్క, పైన అమలాపురం పట్టణాభివృద్ధి సంస్థ. జనం దాన్ని ముద్దుగా అముడా అంటారు. ఏ ఫైలు ఎవరి దగ్గరకు వెళ్లాలో ప్లాను గీసే ఎల్‌టీపీకి తెలిసినంతగా సర్పంచికి తెలియదు. పైగా 2006 నాటి నాలా చట్టాన్ని 2025లో రద్దు చేశారు. పొలాన్ని ఇళ్లస్థలంగా మార్చే పద్ధతి మారింది. అది సులువైన కొద్దీ కొబ్బరితోట ప్లాట్లుగా మారే వేగం పెరుగుతుంది. ముందు లేఅవుటు, తర్వాత రోడ్డు, ఆ తర్వాత మురుగు వెళ్లే దారి వెతుక్కోవడం అన్న వరసలో పోతే, సముద్ర మట్టానికి కాస్త ఎత్తులో ఉన్న ఈ లంకలసీమలో వాన కురిసిన ప్రతిసారీ నీళ్లు ఇళ్లలోనే నిలుస్తాయి.

వీధి వ్యాపారుల మాట చెప్పకపోతే ఈ లెక్క పూర్తి కాదు. రద్దీ అనగానే మొదట లేచేది తోపుడు బండి. నిజానికి వారికి 2014 నాటి వీధి విక్రయదారుల చట్టం రక్షణ ఉంది. పట్టణ విక్రయ కమిటీ వేసి, సర్వే చేసి, చోటు చూపించకుండా ఖాళీ చేయించకూడదు. వార్డు లేదా పట్టణ జనాభాలో రెండున్నర శాతం దాకా చోటు కల్పించాలంటుంది చట్టం. పొద్దున్నే ఆశీలు వసూలు చేసి మధ్యాహ్నం అదే బండిని ట్రాఫిక్‌కు అడ్డమని తోసేయడం ఏ నియమంలోనూ లేదు. డ్రెయిను మీద పలకలు పరిచి, మెట్లు కట్టి, రోడ్డు దాకా దుకాణం జరిపినవారిని ముందు వెనక్కి పంపితే తోపుడు బండికి చోటు దానంతటదే వస్తుంది.

అధికారులు చేయాల్సినవి కష్టమైనవేం కావు. జోనింగు పటం తెలుగులో అచ్చు వేసి ప్రతి సచివాలయం గోడకు అంటించడం, సెంటర్లలో గీతలు గీయడం, ఆ పని ముగిసేదాకా చలానాలు ఆపడం. పౌరులకూ ఒక పని ఉంది. 2019 అక్టోబరు నుంచి పట్టణ వార్డు సచివాలయాల్లో ప్లానింగు కార్యదర్శులు కూర్చుంటున్నారు. స్థలం కొనేముందు, షాపు అద్దెకు తీసుకునేముందు సర్వే నంబరు పట్టుకుని వెళ్లి అది ఏ జోను, ముందున్న రోడ్డు ప్లానులో ఎన్ని అడుగులు అని అడగండి. నోటితో చెబితే సరిపెట్టుకోకుండా రాసి ఇమ్మనండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. మాస్టర్‌ ప్లాను ముసాయిదా ఎప్పుడు నోటీసు బోర్డు ఎక్కినా అభ్యంతరాలకు గడువు ఉంటుంది. ఆ గడువులోపు రియల్‌ ఎస్టేటు వారి అర్జీలు తప్పకుండా వెళ్తాయి. మీ వీధివారి అర్జీ కూడా వెళ్లేలా చూడండి.